ఎముకల గూడు – ఇంటి సరుకులతో

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

2022 ఏప్రిల్ 4వ తేదీన మన జిల్లాలు విడిపోయాయి. ఏలూరు ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైంది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న జిల్లాలో ఉండిపోయింది. కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. గీతలు ఎక్కడ గీసినా మన కీళ్ళు మాత్రం ఊడలేదని ఈ సభ చూస్తే తెలుస్తోంది. నేను ఈ రోజు మాట్లాడబోయేది కూడా కీళ్ళను గురించే.

విషయం వినగానే కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. పాత కాగితాలతో, అట్టముక్కలతో మనిషి అస్థిపంజరం బొమ్మ చేయడం పిల్లల సైన్సు ఫెయిరు వ్యవహారం గదా, పెన్షనర్ల సభలో దానికేం పని అని. పని ఉన్నది. మన వయస్సులో మంచాన పడడానికి పెద్ద రోగమే రానక్కరలేదు. స్నానాల గదిలో ఒక్కసారి కాలు జారితే చాలు. ఏ ఎముక ఎక్కడ ఉన్నదో, ఎందుకు విరుగుతుందో పుస్తకంలో చదివితే మరుసటి రోజుకు మరచిపోతాం. అదే ఎముకను మన చేతులతో చుట్టి, అంటించి, కీలుకు కట్టినవాడు మరచిపోడు. వేసవి సెలవుల్లో మనవడో మనవరాలో ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని ఒక ఎముకల గూడు చేయండి. పిల్లకు అది పాఠం, పెద్దకు అది జాగ్రత్త. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక చేసే విధానం చెబుతాను.

ముందు రెండు మాటలు చరిత్ర. పూర్వం కాలేజీల్లో అద్దాల బీరువాలో వేలాడుతుండే అస్థిపంజరాలు నిజమైన మనుషులవే. ప్రపంచంలోని వైద్య కళాశాలలకు అవి చాలా కాలం కలకత్తా నుంచి వెళ్ళేవి. 1985లో మన ప్రభుత్వం మనిషి ఎముకల ఎగుమతిని నిషేధించింది. తరువాత ప్లాస్టిక్ నమూనాలు వచ్చాయి. పెద్ద నమూనాకు వేల రూపాయలు పెట్టాలి, పల్లెటూరి బడికి అది అందే ఖర్చు కాదు. అందుకే ఉపాధ్యాయులు చేతికి దొరికిన వస్తువులతో ఉపకరణాలు చేసుకోవడం నేర్చుకున్నారు. ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులకు 1984లో మొదలై 1996 వరకు నడిచిన 'అప్పెప్' ప్రాథమిక విద్యా పథకం జ్ఞాపకం ఉండే ఉంటుంది. అగ్గిపెట్టెలు, చింతపిక్కలు, గులకరాళ్ళు పాఠాలుగా మారిన రోజులవి. నేను చెప్పేదీ ఆ బాటలోనిదే.

కొలత విషయం. సగం కొలతలో చేస్తే లెక్క సులువు. పిల్లవాడి చేతికి దర్జీ టేపు ఇచ్చి, తాతగారినో అమ్మమ్మగారినో నిలబెట్టి కొలవమనండి. ప్రతి కొలతనూ రెండుతో భాగించమనండి. ఐదడుగుల మూడంగుళాల మనిషి అంటే సుమారు 160 సెంటీమీటర్లు, కాబట్టి బొమ్మ 80 సెంటీమీటర్లు వస్తుంది. అందులో తల ఎత్తు 10, వెన్నెముక 34, తొడ ఎముక 21, మోకాలి కింది పెద్ద ఎముక 17 లేదా 18, దండ ఎముక 15, ముంజేతి ఎముకలు 12 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. మనిషి ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఒక్క తొడ ఎముకే ఉంటుందని పిల్లవాడు టేపు పట్టుకుని తానే కనిపెడతాడు. ఇది ఎవరో అనామకుడి బొమ్మ కాదు, మీ బొమ్మే.

సామాను అంతా ఇంట్లోదే. పాత దినపత్రికలు, అట్టపెట్టెలు, కాస్త మైదా, గుప్పెడు మెంతులు, చీపురులోని కొబ్బరి ఈనెలు, కాలిపోయిన అగరుబత్తి పుల్లలు, కుంకుడుకాయలు, గచ్చకాయలు, చింతపిక్కలు, సోడాసీసా మూతలు, పాత కోటు గుండీలు, సైకిలు ట్యూబు ముక్కలు, అరిగిపోయిన హవాయి చెప్పులు, వంగే ఇనుప తీగ, పురికొస, పిడికెడు వరిగడ్డి, ఆఖరున పూతకు సున్నం. జనపనార మిల్లు ఊరైన ఏలూరు వారికి పురికొస గురించి వేరే చెప్పనక్కరలేదు.

గుజ్జు తయారీ మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. కాగితాలు చింపి రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి, పిండి, రోట్లో దంచి, రాత్రి నానిన మెంతులు రుబ్బి అందులో కలపాలి. పూర్వం చేటలకు, వెదురు బుట్టలకు మెత్తి, ఇంట్లో గిన్నెలు చేసింది ఈ గుజ్జుతోనే. మెంతి జిగురు గట్టిగా పట్టి ఉంచుతుంది. పుస్తకాల అట్టలు కట్టేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తారు. అది విషం కాబట్టి పిల్లలు పట్టుకునే వస్తువుకు వద్దు. కాస్త పసుపు, కాస్త వేపాకు పొడి చాలు. అంటించడానికి మైదా ఉడికించిన జిగురు సరిపోతుంది.

ఇప్పుడు ఎముకల లెక్క. పెద్దవాళ్ళ శరీరంలో 206 ఎముకలు. పుట్టిన బిడ్డకు సుమారు 300 ఉంటాయి. పెరిగే కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుని లెక్క తగ్గుతుంది. మన ప్రాచీనుల్లో సుశ్రుతుడు 300 అని, చరకుడు పళ్ళు, గోళ్ళు కూడా కలుపుకొని 360 అని లెక్క చెప్పారు. ఆధునికుల లెక్క ప్రకారం తల, వెన్ను, రొమ్ము కలిసి 80. కాళ్ళూ చేతులూ వాటిని మొండేనికి తగిలించే ఎముకలూ కలిసి 126. తమాషా ఏమిటంటే ఒక్కొక్క హస్తంలో 27, ఒక్కొక్క పాదంలో 26 చొప్పున, మొత్తం 206లో 106 ఎముకలు అరచేతుల్లోనూ పాదాల్లోనూ ఉన్నాయి. కలం పట్టి ముప్పయ్యేళ్ళు ఫైళ్ళు నడిపిన చేతుల్లో ఇంత యంత్రాంగం ఉన్నదన్న మాట. బొమ్మలో అన్ని ఎముకలూ రావు. చెవి లోపలి బుల్లి ఎముకలు ఆరు ఎలాగూ చేయలేం. వాటిలో అంకవన్నె అనేది అసలు కొలతలోనే మూడు మిల్లీమీటర్లు, అంటే మన మిల్లుల్లో వచ్చే నూకగింజంత. అలాంటి వాటిని కాగితం మీద లెక్కగా వ్రాసి పెట్టుకుంటే చాలు.

పొడుగు ఎముకలతో మొదలుపెట్టండి. దినపత్రిక కాగితం ఒకటి తీసి బల్ల మీద నిలబెట్టమని పిల్లవాడికి చెప్పండి. నిలబడదు. అదే కాగితాన్ని గొట్టంగా చుట్టి దారం కట్టి నిలబెడితే దాని మీద ఒకటి రెండు పుస్తకాలు పెట్టినా మోస్తుంది. తొడ ఎముక, దండ ఎముక నడుమన గొట్టాల్లా ఉండేది ఇందుకే. బరువు తక్కువ, బలం ఎక్కువ. మన కొల్లేటి ఆటపాకలో గూడబాతులను చూశారు గదా. రెక్కలు చాస్తే రెండు మీటర్లకు పైబడే ఆ పెద్ద పక్షి నీటి మీద నుంచి లేచి గాలిలో తేలిపోతుంది. దాని ఎముకల్లో చాలా వాటి లోపల గాలి అరలుంటాయి. మన ఎముకల గొట్టంలో గాలి బదులు మూలుగ ఉంటుంది. కాగితాన్ని కావలసిన పొడుగుకు గట్టిగా చుట్టి, పైన జిగురు కాగితం మూడు నాలుగు పొరలు వేసి, రెండు చివరలా గుజ్జుతో గుబ్బలు పెట్టి నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే బీటలు తీస్తుంది.

తరువాత వెన్నెముక. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు విడివిడిగా ఉంటాయి. వాటి కింద త్రికం, దాని కింద ముడ్డిపూస. విడి పూసలు 24, ఇవి రెండు, మొత్తం 26. గుజ్జుతో 24 బిళ్ళలు చేసి నడుమ రంధ్రం పెట్టండి. పూసలన్నీ ఒకే సైజులో చేయకూడదు. మెడవి చిన్నవి, నడుమువి పెద్దవి. తాడేపల్లిగూడెం మిల్లుల్లో బియ్యం బస్తాల దొంతర చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు, అడుగు బస్తా మీద పడే బరువు వేరు. పూసకూ పూసకూ మధ్య పాత హవాయి చెప్పు నుంచి కోసిన గుండ్రటి బిళ్ళ పెట్టండి. మనలో ఉండే మెత్తటి బిళ్ళలకు అవి ప్రతినిధులు. ఇలాంటివి 23. మెడలో మొదటి రెండు పూసల మధ్య బిళ్ళ ఉండదు, అక్కడ తల అటూ ఇటూ తిప్పే బొంగరపు కీలు ఉన్నది. అన్నింటినీ ఇనుప తీగకు గుచ్చి, మెడ దగ్గర ముందుకు, వీపు దగ్గర వెనక్కు, నడుము దగ్గర మళ్ళీ ముందుకు వంపు తీయండి. కర్రలా నిటారుగా ఉండే వెన్ను మనిషిది కాదు.

ఇక్కడ పెద్దలు ఒక్క నిమిషం ఆగాలి. వయస్సుతో రెండు సంగతులు జరుగుతాయి. చెప్పు బిళ్ళ అరిగినట్లు మధ్య బిళ్ళలు పలచబడతాయి. ఎముకలో పస తగ్గినవారికి పూసలే ముందువైపు నలిగిపోతాయి. పిల్లవాడి చేత వీపు పూసల్లో రెండింటిని తీసి, ముందువైపు చెక్కి మళ్ళీ గుచ్చమనండి. బొమ్మ దానంతటదే గూనిగా వంగుతుంది. ఇలా పూస నలగడానికి కింద పడనక్కరలేదు. నీళ్ళ బకెట్టు వంగి ఎత్తినా జరగవచ్చు. చాలా మందికి పెద్ద నొప్పి కూడా తెలియదు, నడుము నొప్పిలే అనుకుని ఊరుకుంటారు.

ఈ విషయంలో మనకు, ప్రభుత్వోద్యోగం చేసినవారికి, ఇతరులకు లేని ఒక సదుపాయం ఉన్నది. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ జ్ఞాపకం తెచ్చుకోండి. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలతో పాటు చెప్పులు లేకుండా కొలిచిన ఎత్తు అందులో వ్రాశారు. పెన్షను కాగితాలతో పంపిన వివరాల్లోనూ ఆ ఎత్తు ఉంటుంది. ఇంటికి వెళ్ళి ఆ కాగితం నకలు తీయండి. గోడకు ఆనుకుని నిలబడి, తల మీద పుస్తకం పెట్టి, మనవడి చేత కొలిపించుకోండి. సర్వీసులో చేరిననాటి ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు, అంటే సుమారు అంగుళంన్నర, మించి తగ్గి ఉంటే డాక్టరుకు చెప్పవలసిన మాటే. పుట్టుమచ్చలు మారలేదని ఏడాదికోసారి ఋజువు చేసుకునే మనం ఎత్తు మారిందేమో చూసుకోకపోవడం వింతే గదా.

పక్కటెముకలు 12 జతలు. మూడు కొబ్బరి ఈనెలు కలిపి, నానబెట్టి వంచి, జిగురు కాగితం చుడితే ఒక పక్కటెముక. పై ఏడు జతలు నేరుగా రొమ్ము ఎముకకు చేరతాయి. తరువాతి మూడు జతలు తమ పైదానిని పట్టుకుని చేరతాయి. చివరి రెండు జతలు ముందువైపు ఎక్కడా చేరవు. రొమ్ము ఎముకను అట్టతో కోసి, పక్కటెముకల ముందు చివరలను సైకిలు ట్యూబు ముక్కలతో దానికి కలపండి. అసలు మనిషిలో అక్కడ మృదులాస్థి ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము పైకి లేవడానికి ఆ మెత్తదనమే కారణం. రబ్బరు బదులు మేకు కొడితే బొమ్మ ఊపిరి తీయదని చెబితే పిల్లలకు ఠక్కున ఎక్కుతుంది.

భుజం దగ్గర రెక్క ఎముకను అట్టతో ముక్కోణంగా కోసి, దాని చివర కోటు గుండీ అంటించండి. గుండీలో ఉండే లోతు తక్కువ పళ్ళెం చాలు. దండ ఎముక పైన కుంకుడుకాయ పెట్టి, లాగుడు దారంతో గుండీకి కట్టండి. చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, అంతే సులువుగా జారుతుంది కూడా. శరీరంలో ఎక్కువగా గూడు తప్పే పెద్ద కీలు భుజమే. మోచేయి తలుపు బందు లాంటి మడత కీలు, కాబట్టి ట్యూబు ముక్కను బందులా అంటిస్తే సరి. ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలు. అరచేయి బోర్లా తిప్పినప్పుడు రత్ని అరత్ని మీదుగా దాటుతుంది. మీ ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని తిప్పి చూడండి, తెలుస్తుంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు. అష్టాచెమ్మా ఆటలో వాడినట్లు చింతపిక్కలు చీల్చి వాటికి వాడవచ్చు. చీల్చడం మాత్రం పెద్దలే చేయాలి. అరచేతిలో 5, వేళ్ళలో 14 ఎముకలకు అగరుబత్తి పుల్లలు. బొటనవేలికి రెండు ముక్కలు, మిగతా వేళ్ళకు మూడేసి. వీటిని దారం మీద కట్టేటప్పుడు తోలుబొమ్మలాట బొమ్మల కీళ్ళు గుర్తు తెచ్చుకోండి, ముడి బిగిస్తే కదలదు, వదులైతే వేలాడిపోతుంది. మనిషి పడబోతూ చెయ్యి ఆనిస్తాడు గదా, ఆ దెబ్బ మణికట్టు పైన రత్ని చివర మీద పడుతుంది. యాభై దాటిన ఆడవారిలో ఇది తరచు విరిగే చోటు. ఇలా స్వల్పంగా పడినందుకే మణికట్టు విరిగిందంటే అది మొదటి నోటీసు. కట్టు విప్పగానే మరచిపోకుండా, ఎముకల పటుత్వం పరీక్ష చేయించుకోవాలి.

అసలైన చోటు తుంటి. కటి ఎముకలను మందపాటి అట్టతో కోసి, త్రికానికి రెండు వైపులా అంటించి, ముందు కలపండి. చుట్టు కట్టినట్లు ఒక వలయం వస్తుంది. దాని పక్కన సోడాసీసా మూతను గిన్నెలా అంటించండి. తొడ ఎముక పైన కుంకుడుకాయ పెట్టండి. మూతలో కాయ చక్కగా కూర్చుంటుంది. దీన్ని బంతిగిన్నె కీలు అంటారు. అయితే కాయను తొడ ఎముక నెత్తిన నేరుగా పెట్టకూడదు. రెండు సెంటీమీటర్ల తీగకు కాగితం చుట్టి మెడలా చేసి, ఆ మెడను ఏటవాలుగా, సుమారు 125 నుంచి 130 డిగ్రీల కోణంలో నిలపాలి. ఇప్పుడు బొమ్మను నిలబెట్టి పైనుంచి మెల్లగా నొక్కండి. బరువంతా ఎక్కడ పడుతోంది? ఆ వంకర మెడ మీద. గోడకు కొట్టిన బ్రాకెట్టు మీద బరువు పెట్టినట్లు. యౌవనంలో ఆ మెడ లోపల ఎముక దూలాల్లాగా అల్లుకుని ఉంటుంది. వయస్సు మీరే కొద్దీ ఆ దూలాలు ఒక్కొక్కటిగా సన్నబడతాయి. పక్కకు పడితే విరిగేది అక్కడే.

పైగా తొడ ఎముక తలకాయకు రక్తం తెచ్చే నాళాల్లో ముఖ్యమైనవి ఆ మెడ వెంబడే వెళతాయి. మెడ విరిగితే అవి కూడా తెగవచ్చు. అందుకే తుంటి విరుపు చేతి విరుపు లాంటిది కాదు. పడిన మనిషి లేవలేకపోయినా, కాలు పొట్టిగా కనిపించినా, పాదం బయటికి తిరిగిపోయినా లాగకూడదు, నూనె పెట్టి మర్దన చేయకూడదు, నాటుకట్టుతో కాలయాపన చేయకూడదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. చాలా మందికి ఆపరేషన్ తప్పదు, అది వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే జరిగి, మర్నాటి నుంచే మనిషిని లేపి నిలబెట్టడం మంచిదని వైద్యుల మాట. ఈ వయస్సులో ఆపరేషన్ ఎందుకులే, మంచం మీదే ఉంచుదాం అని పిల్లలు అనవచ్చు. మంచం మీద వారాల తరబడి ఉంచడమే ఊపిరితిత్తుల జబ్బుకూ, పడక పుండ్లకూ దారి. ఈ మాట మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో చెప్పి పెట్టండి. బొమ్మ పక్కన పెట్టుకుని చెబితే మరీ మంచిది.

మోకాలికి ట్యూబు బందు వేసి, ముందు గచ్చకాయను చిప్పగా అంటించండి. దాని కింద పెద్ద ఎముక, పక్కన సన్నటి ఎముక. పాదంలో మడమ వైపు ఏడు ఎముకలు గుజ్జుతో చేసి, మిగతావి పుల్లలతో. ఆఖరున తల. వరిగడ్డిని ఉండగా చుట్టి పురికొసతో బిగించి, పైన గుజ్జు మెత్తి, కళ్ళ గుంటలు, ముక్కు రంధ్రం వేలితో నొక్కండి. తలలో చెవి ఎముకలు కాక 22 ఎముకలు, వాటిలో బాగా కదిలేది కింది దవడ ఒక్కటే. దాన్ని విడిగా చేసి దారంతో కట్టండి. అంతా ఆరాక పలచటి సున్నం పూత రెండుసార్లు వేస్తే మన ఎముకల గూడు సిద్ధం. రోజుకు గంట చొప్పున కూర్చుంటే రెండు మూడు వారాల పని.

ఈ బొమ్మ చూపలేనిది ఒకటున్నది. ఎముక సున్నపు కడ్డీ కాదు, జీవమున్న వస్తువు. పాతది కరుగుతూ కొత్తది పోసుకుంటూ ఉంటుంది. పెద్దవారిలో సుమారు పదేళ్ళకు ఎముకలన్నీ కొత్తవౌతాయి. కోడికాలు ఎముకను గాజుసీసాలో వెనిగర్ పోసి, రెండు రోజులకోసారి మారుస్తూ వారం ఉంచండి. శాకాహారుల ఇళ్ళలో ఈ పనిని పొరుగింటి వారికి అప్పగించవచ్చు. సున్నపు భాగం కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. మిగిలిన ఆ మెత్తటి నారను కొల్లాజెన్ అంటారు. ఇందుకు వ్యతిరేకమైనది మనమందరం చూసిందే. దహనమయ్యాక ఏరే అస్థికలు వేలితో నొక్కితే పొడి అవుతాయి, నార కాలిపోయి ఖనిజం మిగిలింది కాబట్టి. నార, ఖనిజం రెండూ ఉంటేనే ఎముక.

ఆ ఖనిజంలో కాల్షియంతో పాటు ఉండేది భాస్వరం. శరీరంలోని భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. రక్తంలో, మూత్రంలో ఈ భాస్వరాన్ని రంగు బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నడిచింది. కొల్లేటికి కూతవేటు ఊళ్ళో పుట్టిన మనిషి పేరు ఎముకల శాస్త్రంలో ఉన్నదని మనవలకు చెప్పండి.

కాల్షియం మాటకొస్తే, పెద్దలకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసు. అరలీటరు పాలలోనో పెరుగులోనో సుమారు 600 వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 350 వరకు, మునగాకులో 300కు పైగా ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. చేపలు తినేవారు చిత్తపరిగెల వంటి చిన్నవాటిని ముల్లుతో సహా నమిలితే అదీ కాల్షియమే. కాల్షియం ఒంటబట్టడానికి డి విటమిన్ కావాలి. ఇంత ఎండ కాసే దేశంలో దానికి కొరతేమిటి అనుకోవద్దు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో మన ప్రాంతపు ఆరోగ్యవంతుల్లోనే ఆ కొరత విస్తారంగా కనబడింది. వరండాలో పేపరు చదివితే ఎండ తగలదు, కాసేపు బయటికి రావాలి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే. మూత్రపిండాల జబ్బు, రాళ్ళు ఉన్నవారు మరీ జాగ్రత్త.

మూడోది బరువు. ఎముక మీద భారం పడుతుంటేనే అది తనను తాను కట్టుకుంటుంది. బరువు తెలియని అంతరిక్షంలో ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తరిగిపోతుందని తేలింది. రోజంతా పడక కుర్చీలో ఉండేవారు ఇంట్లోనే అంతరిక్షయానం చేస్తున్నట్లు. నడవండి. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి కూర్చోవడం రోజుకు పదిసార్లు అలవాటు చేసుకోండి. మోకాళ్ళు సహకరించనివారు డాక్టరును అడిగి చేయండి.

ఇక ఇల్లు. స్నానాల గదిలో పాచి తీయించి, గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి పెట్టించండి. దాని ఖర్చు ఆసుపత్రిలో ఒక రోజు గది అద్దెకు సాటి రాదు. మంచం నుంచి దొడ్డి వరకు రాత్రి చిన్న దీపం ఉంచండి. జారే గోనెపట్టాలు, గడప ముందు చాపలు తీసేయండి. అడుగు అరిగిన హవాయి చెప్పుల పని అయిపోయిందని ఇందాకే చెప్పాను, వాటిని కోసి వెన్నెముక బిళ్ళలు చేయండి. నిద్రమాత్రలు, బి.పి. మాత్రలు వేసుకునేవారు మంచం మీద ఒక నిమిషం కూర్చుని ఆ తరువాతే లేవండి. కళ్ళకు శుక్లం ఉంటే వాయిదా వేయవద్దు.

చివరగా ఒక మనవి. ప్రతి మండల శాఖా వచ్చే వేసవిలో ఇలాంటి ఎముకల గూడు ఒకటి చేయించాలి. జూన్‌లో బడులు తెరిచాక దాన్ని దగ్గరి ప్రభుత్వ పాఠశాలకు ఇవ్వాలి. ఇచ్చే రోజున మన సభ్యులొకరు వెళ్ళి పిల్లల చేత ఎముకలు లెక్కపెట్టించాలి. తుంటి మెడ దగ్గర ఎర్రరంగు చుక్క ఒకటి, మణికట్టు మీద ఒకటి, వీపు పూసల మీద ఒకటి పెట్టి, "మీ ఇంట్లో తాతయ్యకూ మామ్మకూ జాగ్రత్త అవసరమైన చోట్లు ఇవి" అని చెప్పి రావాలి. ఆ పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్ళి స్నానాల గదిలో పాచి ఉన్నదో లేదో చూస్తారు. డాక్టరు చెబితే వినని పెద్దలు మనవరాలు చెబితే వింటారు.

భోజనాలకు లేచేటప్పుడు మెట్ల మీద కడ్డీ పట్టుకుని దిగవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.